కర్టిస్ మేఫీల్డ్ కెరీర్ 'సూపర్ ఫ్లై'తోనే ఆగిపోయిందా?

మీరు అడిగింది ఇదీ: అమెరికన్ గాయకుడు, పాటల రచయిత కర్టిస్ మేఫీల్డ్ అనగానే అందరూ 1972 నాటి 'సూపర్ ఫ్లై' సినిమా పాటల ఆల్బమ్ ఒక్కటే చెబుతారు, ఆ తర్వాత హిట్ పాటల చార్టుల్లో ఆయన పేరు పెద్దగా కనబడదు, మరి సోల్ సంగీతంలో (చర్చి పాటల ఛాయ ఉన్న నల్లజాతి అమెరికన్ల పాప్ సంగీతం) ఆయన్ని అంత ఎత్తున ఎందుకు కూర్చోబెడతారు, అంత హిట్టు కొట్టినవాడు ఎందుకు వెనకబడ్డాడు అని. స్టూడియోలో మిక్సింగ్ చేస్తూ, గిటార్ వాయిస్తూ ఏళ్ల తరబడి ఈ పాటలు విన్నవాణ్ణి కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నాను, తీరిగ్గా చదవండి.

చార్టులో గాయకుడి పేరు పట్టుకుని వెతికితే మేఫీల్డ్ మీకు సగం కూడా దొరకడు. రికార్డు మీద పెద్ద అక్షరాల్లో ఉండేది పాడినవాళ్ల పేరు. దాని కింద చిన్న అక్షరాల్లో రాసినవాళ్ల పేరు, ఇంకో మూల పాట హక్కులు చూసుకునే పబ్లిషింగ్ కంపెనీ పేరు, ప్రొడ్యూసర్ పేరు ఉంటాయి. ప్రొడ్యూసర్ అంటే సినిమాకి డబ్బు పెట్టే నిర్మాత అనుకోకండి, ఏ వాద్యం ఎక్కడ రావాలో, ఏ టేకు ఉంచాలో స్టూడియోలో కూర్చుని తేల్చే మనిషి. ఆయన కెరీర్ చాలావరకు ఆ చిన్న అక్షరాల్లోనే నడిచింది, 'సూపర్ ఫ్లై' తర్వాత అయితే మరీను.

మొదటి నుంచి వద్దాం. 1942లో చికాగోలో పుట్టాడు. తండ్రి చిన్నప్పుడే వదిలి వెళ్లిపోయాడు, ఇంట్లో బాగా లేమి, కొన్నాళ్లు కాబ్రీని గ్రీన్ అని పేదల కోసం ప్రభుత్వం కట్టిన ఇళ్లలో ఉన్నారు. నానమ్మ ఒక చిన్న చర్చిలో బోధకురాలు. పాట, మాట రెండూ ఆయనకి అక్కడే వంటబట్టాయి. జెర్రీ బట్లర్ అనే మూడేళ్లు పెద్ద కుర్రాడితో దోస్తీ కూడా ఆ చర్చి గాస్పెల్ (భక్తి పాటల) బృందంలోనే కుదిరింది. ఆయన రాసిన ప్రేమ పాటల్లో కూడా చర్చిలో పెద్దవాళ్లు కూర్చోబెట్టి బుద్ధి చెబుతున్నట్టు ఒక నిదానం ఉంటుంది, అది ఇక్కడి నుంచి వచ్చిందే.

గిటార్ వాయించేవాళ్ల కోసం ఇక్కడ ఒక సంగతి. ఆయన ముందు పియానో మీద నల్ల మెట్లతో తనంతట తాను వాయించుకోవడం నేర్చాడు. తర్వాత చేతికి గిటార్ వస్తే, దాన్ని ఎలా శ్రుతి చేయాలో చెప్పేవాళ్లు లేక, ఆ నల్ల మెట్ల స్వరాలకే తీగలు బిగించుకున్నాడు. మందపు తీగ నుంచి సన్న తీగ దాకా ఎఫ్ షార్ప్, ఏ షార్ప్, సీ షార్ప్, ఎఫ్ షార్ప్, ఏ షార్ప్, ఎఫ్ షార్ప్. వేలు పెట్టకుండా ఆరు తీగలూ మీటితే ఎఫ్ షార్ప్ మేజర్ కార్డు పలుకుతుంది. జీవితాంతం అదే ట్యూనింగ్, ఇంకోటి లేదు. పాట వెనకాల ఆయన గిటార్ నీళ్లలా జారుతూ చిన్న చిన్న పలుకులు పలకడానికి సగం కారణం అదే, మామూలు ట్యూనింగ్‌లో ఎంత ప్రయత్నించినా ఆ జారుడు రాదు. రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ నెమ్మది పాటల్లో వినబడే గిటార్ తీరు మీద మేఫీల్డ్ నీడ స్పష్టంగా ఉంటుంది. ప్రయత్నిస్తానంటే ఒక జాగ్రత్త, అటు చివర, ఇటు చివర తీగలు మామూలు కన్నా ఒక ఫుల్ టోన్ పైకి బిగించాలి, పాత తీగలైతే సన్నది పుటుక్కున తెగుతుంది.

ఇంప్రెషన్స్ అనే బృందంతో 1958లో మొదటి హిట్టు పడింది, 'ఫర్ యువర్ ప్రెషస్ లవ్'. అప్పటికి మేఫీల్డ్‌కి పదహారు. కంపెనీవాళ్లు రికార్డు మీద బృందం పేరుకి ముందు జెర్రీ బట్లర్ పేరు విడిగా వేశారు. ఇక చెప్పేదేముంది, లోపల మనస్పర్థలు, కొన్నాళ్లకే బట్లర్ విడిపోయి సోలో వెళ్లిపోయాడు, బృందాన్ని కంపెనీ వదిలేసింది. మేఫీల్డ్ మాత్రం బట్లర్ మీద అలిగి కూర్చోకుండా అతని వెంటే గిటారిస్టుగా ఊళ్లు తిరిగాడు. దారిలో ఇద్దరూ కలిసి పాటలు కట్టారు. 1960లో బట్లర్ పాడిన 'హీ విల్ బ్రేక్ యువర్ హార్ట్' ఆర్ అండ్ బీ చార్టులో, అంటే నల్లజాతి శ్రోతల హిట్ల జాబితాలో, నంబర్ వన్ అయింది, దాని రచయితల్లో మేఫీల్డ్ ఒకడు. ఆ తిరుగుళ్లలో వెనకేసిన డబ్బుతో బృందాన్ని మళ్లీ కూడగట్టి న్యూయార్క్ తీసుకెళ్లి 'జిప్సీ వుమన్' రికార్డు చేశాడు, 1961లో ఏబీసీ పారమౌంట్ కంపెనీ దాన్ని విడుదల చేసింది.

ఆయన కెరీర్ అంతటికీ మూలం అనదగ్గ నిర్ణయం కూడా ఆ రోజుల్లోదే. ఇంకా ఇరవై నిండని వయసులో సొంత పబ్లిషింగ్ కంపెనీ పెట్టుకున్నాడు. మన కుర్రాళ్లకి ఇది చప్పగా వినిపిస్తుందని తెలుసు, కానీ అమెరికాలో రేడియోలో పాట మోగితే డబ్బు వెళ్లేది రచయితకి, పబ్లిషర్‌కి. పాడినవాడికి పైసా రాదు, ఇప్పటికీ ఎఫ్ఎం రేడియోలో అక్కడ అంతే. సాధారణంగా రచయిత వాటా సగం, పబ్లిషర్ వాటా సగం. అప్పట్లో చాలామంది నల్లజాతి గాయకులు రాసిన పాటని కంపెనీకి అప్పజెప్పి, పబ్లిషర్ సగం పోగొట్టుకుని, ఒక్కోసారి రచయితగా పేరు కూడా పంచుకోవాల్సి వచ్చేది. 'జిప్సీ వుమన్' సంగతే చూడండి, ఇంప్రెషన్స్ పాడినప్పుడు పాప్ చార్టులో 20 దాకా వచ్చింది, 1970లో బ్రయన్ హైలాండ్ అనే తెల్ల గాయకుడు మళ్లీ పాడితే 3 దాకా వెళ్లింది. పాడింది ఎవరైనా రాసినవాడి వాటా రాసినవాడిదే.

మన దగ్గర 2012 కాపీరైట్ సవరణ దాకా సినిమా పాట రాసినవాళ్ల దగ్గర ఒక్క సంతకంతో హక్కులన్నీ రాయించుకుని పంపేసేవారు, రాయల్టీ వాటా వదులుకున్నట్టు రాయించుకోవడం కుదరదని చట్టం చెప్పడానికి అంతకాలం పట్టింది. ఆ లెక్కన 1960 ప్రాంతంలో చదువు మధ్యలో ఆపేసిన ఒక చికాగో కుర్రాడు ఈ కిటుకు పట్టడం మామూలు విషయమేమీ కాదు. సోల్ గాయకుడు సామ్ కుక్ అప్పటికే ఆ దారిలో ఉన్నాడు, సొంత లేబుల్ (రికార్డు కంపెనీ), సొంత పబ్లిషింగ్, కానీ 1964లో కాల్పుల్లో చనిపోయాడు.

ఆ తర్వాత కొన్నేళ్లు మేఫీల్డ్ పాటల ఫ్యాక్టరీలా పనిచేశాడు. ఎక్కువగా ఓకే రికార్డ్స్ అనే కంపెనీలో, కార్ల్ డేవిస్ ప్రొడ్యూసర్, రాసేది మేఫీల్డ్. మేజర్ లాన్స్‌కి 'ది మంకీ టైమ్' (1963), జీన్ చాండ్లర్‌కి 'జస్ట్ బీ ట్రూ' (1964), ఇంకా వాల్టర్ జాక్సన్, బట్లర్ తమ్ముడు బిల్లీ బట్లర్, ఇలా ఎవరి గొంతుకి తగ్గట్టు వాళ్లకి. చికాగో సోల్ అని మనం ఇప్పుడు పిలిచే ధ్వని, ఎగిరిపడే ట్రంపెట్లు, వాటి కింద మెత్తటి గొంతులు, ఈ కొద్దిమంది కలిసి తయారుచేసిందే. అరేంజర్ (వాద్యాలకి స్వరాలు కూర్చేవాడు) జానీ పేట్ పేరు కూడా గుర్తుపెట్టుకోండి, జాజ్ నుంచి వచ్చినవాడు, ఇంప్రెషన్స్ రికార్డుల్లో ఇత్తడి వాద్యాలు చాలావరకు ఆయన కూర్చినవే. 1962 నాటికి ఇంప్రెషన్స్ ముగ్గురే మిగిలారు, మేఫీల్డ్, శామ్ గుడెన్, ఫ్రెడ్ క్యాష్. ఒకడు లైన్ ఎత్తుకుంటే మిగిలిన ఇద్దరూ వచ్చి కలవడం, మళ్లీ విడిపోవడం, అది గాస్పెల్ పద్ధతి. జమైకాలో కుర్రాళ్లు ఈ ముగ్గురి రికార్డులు విని పాడటం నేర్చుకున్నారు, వాళ్లలో రెగె గాయకుడు బాబ్ మార్లే ఒకడు. ఆయన 'వన్ లవ్' మీద మేఫీల్డ్ పేరు కూడా ఉంటుంది, చూడండి.

1964 నుంచి పాటల్లో రాజకీయం వస్తుంది, కానీ అరుపు ఉండదు. 'కీప్ ఆన్ పుషింగ్', 1965లో 'పీపుల్ గెట్ రెడీ', ఇవి పౌరహక్కుల ఉద్యమంలో జనం పాడుకున్న పాటలు. బైబిల్ భాషలో ఉంటాయి కాబట్టి రేడియోవాళ్లు అభ్యంతరం చెప్పలేరు, వినేవాళ్లకి మాత్రం ఏం చెబుతున్నాడో తెలుసు. 1967 చివర్లో 'వియార్ ఎ విన్నర్' నాటికి ఆ ముసుగు తీసేశాడు, నల్లవాళ్ల ఆత్మగౌరవం గురించి నేరుగానే పాడాడు. కొన్ని స్టేషన్లు వేయం అన్నాయి. అయినా ఆర్ అండ్ బీలో నంబర్ వన్.

1968లో మేనేజర్ ఎడ్డీ థామస్‌తో కలిసి కర్టమ్ రికార్డ్స్ పెట్టాడు. కర్టిస్‌లో సగం, థామస్‌లో సగం. దీని గురించి రాసేవాళ్లు చాలామంది స్వాతంత్ర్యం, స్వాతంత్ర్యం అని ఊదరగొడతారు, అది సగం నిజం. రికార్డు తయారీ, ఏ పాట రావాలి అనే నిర్ణయం ఆయన చేతిలోకి వచ్చాయి. షాపులకి చేర్చేది మాత్రం పెద్ద కంపెనీయే, ముందు బుడ్డా రికార్డ్స్, 1975 నుంచి వార్నర్ బ్రదర్స్, ఆ తర్వాత ఆర్ఎస్ఓ. పంపిణీ చేసేవాడికి ఉత్సాహం లేకపోతే సొంత లేబుల్ ఉండి ఏం లాభం? మీ రెండో ప్రశ్నకి జవాబులో కొంత ఇక్కడే ఉంది, మళ్లీ వస్తాను.

1970లో బృందం వదిలి సోలోగా 'కర్టిస్' ఆల్బమ్ తెచ్చాడు. అందులో 'మూవ్ ఆన్ అప్' దాదాపు తొమ్మిది నిమిషాలు. ఈ పాట అమెరికాలో హిట్టే కాలేదు, బ్రిటన్‌లో 12 దాకా వెళ్లింది. 2005లో కాన్యే వెస్ట్ ఆ ట్రంపెట్లు తీసుకుని 'టచ్ ద స్కై' చేశాక ఈ తరానికి తెలిసింది.

ఇక 'సూపర్ ఫ్లై'. న్యూయార్క్ లింకన్ సెంటర్‌లో కచేరీ అయ్యాక స్క్రిప్టు రాసిన ఫిలిప్ ఫెంటీ, నిర్మాత సిగ్ షోర్ వచ్చి కథ చేతిలో పెట్టారు. కొకైన్ అమ్మే ప్రీస్ట్ అనేవాడు చివరిగా ఒక పెద్ద బేరం కొట్టి ఈ పని మానేద్దామనుకుంటాడు, అదీ కథ. కాగితం మీద బాగుంది. తీరా తీసిన సినిమాలో హీరో వేసుకున్న కోటు, నడిపే కారు, పీల్చే కొకైన్, అన్నీ ఊరించేలా వచ్చాయి, మధ్యలో సరుకు అమ్మకాలు, వాడకాలు వరసగా చూపించే ఫోటోల మాంటేజ్ అయితే ఫ్యాషన్ పత్రిక తిరగేసినట్టే ఉంటుంది. మేఫీల్డ్‌కి అది కొకైన్ అడ్వర్టైజ్‌మెంట్‌లా కనబడింది. మన సంగీత దర్శకుడైతే సందర్భానికి తగ్గ పాట ఇచ్చి ఊరుకుంటాడు, ఈయన సినిమాతో వాదన పెట్టుకునే పాటలు రాశాడు.

ఎలాగంటే, ఫ్రెడ్డీ అనేవాడు సినిమాలో చిన్న పాత్ర, కారు కింద పడి చనిపోతాడు, కథ అతన్ని వెంటనే మర్చిపోతుంది. మేఫీల్డ్ వాడి చావు మీదే పాట రాసి, సినిమా రాకముందే సింగిల్‌గా వదిలాడు. అంటే జనం థియేటర్లో కూర్చునే సరికే వాళ్ల చెవుల్లో ఫ్రెడ్డీ చచ్చిపోయి ఉన్నాడు. సినిమాలో ఆ ట్యూన్ వాద్యాలతోనే వస్తుంది, మాటలు వినబడవు. అందువల్లే ఆస్కార్ పోటీకి పనికి రాకుండా పోయిందంటారు. 'పుషర్‌మన్' ఇంకా తెలివైన పని, అమ్మేవాడే తనని తాను పొగుడుకుంటున్నట్టు ఉంటుంది, గొంతు మాత్రం చల్లగా, దాదాపు గుసగుసలా, రెండోసారి విన్నప్పుడు గానీ అది ఎంత భయంకరమైన పాటో అర్థం కాదు.

మిక్సింగ్ చేసేవాడి చెవితో ఇంకో మాట. ఈ ఆల్బమ్‌లో ఆయన గొంతుని ముందుకు తోయలేదు. లక్కీ స్కాట్ బేస్, హెన్రీ గిబ్సన్ కాంగాలు (చేత్తో వాయించే డోళ్లు) పాటని నడిపిస్తుంటే గొంతు వాటి మధ్యలో ఇంకో వాద్యంలా కూర్చుంటుంది. ఫాల్సెటో అనే సన్నటి పై స్థాయి గొంతు ఉన్నవాడు డ్రమ్స్‌తో పోటీకి దిగితే ఓడిపోతాడు, ఈయన వాటికి చోటిచ్చి ఖాళీల్లో పాడాడు. పాడేది, రాసేది, ప్రొడ్యూస్ చేసేది ఒకే మనిషి కావడం వల్ల వచ్చిన లాభం ఇదే, వేరే ప్రొడ్యూసరైతే డబ్బులిచ్చిన గొంతు కదా అని పైకి లేపేసేవాడు. ఆల్బమ్ బిల్‌బోర్డ్ పత్రిక చార్టులో నాలుగు వారాలు నంబర్ వన్, రెండు సింగిల్స్ టాప్ టెన్‌లో. ఒక్క చేదు ఏమిటంటే, వాద్య భాగాల క్రెడిట్ దగ్గర జానీ పేట్‌తో చెడింది, ఏళ్ల స్నేహం. రాసిన ప్రతి స్వరానికీ హక్కు ఉండాలని నమ్మిన మనిషి ఇంకొకరి క్రెడిట్ దగ్గర అంత గట్టిగా ఉండటం నాకు నచ్చదు, అభిమానినే అయినా.

ఇప్పుడు మీరు పడిపోయాడంటున్న కాలానికి వద్దాం. 1974లో 'క్లాడీన్' సినిమాకి పాటలన్నీ రాసి, ప్రొడ్యూస్ చేసి గ్లాడిస్ నైట్ బృందంతో పాడించాడు. అందులో 'ఆన్ అండ్ ఆన్' పాప్ టాప్ ఫైవ్. 1975లో 'లెట్స్ డూ ఇట్ అగైన్', స్టేపుల్ సింగర్స్ పాడారు, పాప్ నంబర్ వన్. ఇంటిపెద్ద పాప్స్ స్టేపుల్స్ చర్చి మనిషి, ఇలాంటి సరసపు పాట నేను పాడనన్నాడట, మేఫీల్డ్ నచ్చజెప్పి పాడించాడు. 1976లో 'స్పార్కిల్' సినిమా పాటల ఆల్బమ్, అరెతా ఫ్రాంక్లిన్ గొంతు. ఆమె కెరీర్ అప్పుడు మందగించి ఉంది, 'సమ్‌థింగ్ హీ కెన్ ఫీల్' ఆమెని మళ్లీ ఆర్ అండ్ బీ నంబర్ వన్ చేసింది. 1992లో ఎన్ వోగ్ అనే బృందం అదే పాట పాడితే మళ్లీ నంబర్ వన్. వీటిలో ఒక్కదాని మీదా గాయకుడిగా మేఫీల్డ్ పేరు ఉండదు, అందుకే మీ వెతుకులాటలో దొరకలేదు. నా లెక్కలో ఈ మూడేళ్లు 'సూపర్ ఫ్లై'కి ఏ మాత్రం తీసిపోవు, ఆడవాళ్ల మనసులోని మాట అంత మర్యాదగా, అంత వేడిగా రాసిన మగవాళ్లు ఆ సంగీతంలో తక్కువ.

అయితే తన సొంత రికార్డులు మెల్లగా తగ్గాయన్నది నిజమే. ఒక మనిషి ఏడాదికో ఆల్బమ్, పైన సినిమాలు, పైన లేబుల్ లెక్కలు, వేరేవాళ్ల రికార్డులు, ఎన్ని చేస్తాడు? 1976, 77 ఆల్బమ్‌లలో అలసట వినబడుతుంది. తర్వాత డిస్కో వచ్చింది. గుసగుసలాడే గొంతుకి ఆ నాలుగు దెబ్బల డ్రమ్ము అస్సలు సరిపడలేదు, ఆ రికార్డులు నేను వినమని చెప్పను. పంపిణీ కంపెనీలు చేతులు మారాయి, 1980లో కర్టమ్ మూతపడింది, ఆయన అట్లాంటా వెళ్లి స్థిరపడ్డాడు. మరో సోల్ గాయకుడు ఐజాక్ హేయ్స్‌తో పోల్చండి, 1971లో 'షాఫ్ట్' సినిమా సంగీతంతో ఆస్కార్ దాకా వెళ్లినవాడు, 1976లో దివాలా తీసి తను రాసిన పాటల రాయల్టీ హక్కులే పోగొట్టుకున్నాడు. మేఫీల్డ్ హిట్లు లేని కాలంలో కూడా పాటల మీద బతికాడు.

అది ఎంత అవసరమో 1990లో తేలింది. ఆగస్టు 13న బ్రూక్లిన్‌లో వింగేట్ ఫీల్డ్‌లో ఆరుబయట కచేరీ, ఆయన స్టేజీ ఎక్కుతుండగా గాలి దుమారానికి లైట్ల స్టాండు మీద పడి మెడ కింది నుంచి చచ్చుబడిపోయింది. గిటార్ మళ్లీ ముట్టుకోలేదు. అయినా 1996లో 'న్యూ వరల్డ్ ఆర్డర్' ఆల్బమ్ వచ్చింది. కూర్చుంటే ఊపిరి చాలదు కాబట్టి వెల్లకిలా పడుకుని ఒక్కో లైను పాడేవాడు, ఇంజనీర్లు ఆ ముక్కలన్నీ కలిపారు. ఎడిటింగ్ అతుకులు పట్టుకుందామని నేను హెడ్‌ఫోన్స్‌లో చాలాసార్లు విన్నాను, దొరకవు. చక్కెర వ్యాధితో 1998లో ఒక కాలు తీసేశారు, 1999 డిసెంబర్ 26న, 57 ఏళ్లకి పోయాడు.

ఎక్కడ మొదలుపెట్టాలని కూడా అడిగారు. 1964 'కీప్ ఆన్ పుషింగ్' ఆల్బమ్ ముందు వినండి, ఆ తర్వాత 1970 'కర్టిస్', ఆపైన 1971లో న్యూయార్క్ బిట్టర్ ఎండ్ క్లబ్బులో చేసిన లైవ్ రికార్డు, అందులో చిన్న బృందమే కాబట్టి ఆయన గిటార్ విడిగా వినబడుతుంది. 'స్పార్కిల్' తప్పకుండా. 1975 నాటి 'దేర్స్ నో ప్లేస్ లైక్ అమెరికా టుడే' అమ్ముడుపోలేదు గానీ నాకు అన్నిటికన్నా ఇష్టం. అట్ట మీద, కార్లో నవ్వుతున్న తెల్ల కుటుంబం పోస్టరు, దాని కింద వరసలో నిలబడ్డ నల్లవాళ్లు, 1937 వరదల నాటి ఒక ప్రసిద్ధ ఫోటో ఆధారంగా వేసిన బొమ్మ అది. లోపల పాటలు నెమ్మదిగా, దాదాపు ఖాళీగా ఉంటాయి, మొదటిసారి బోర్ కొట్టొచ్చు, వారం ఆగి మళ్లీ పెట్టండి. 'సూపర్ ఫ్లై' మీకు ఎలాగూ తెలుసు కాబట్టి ఈసారి సినిమా చూసి, ఫోటోల మాంటేజ్ దగ్గర ఆపి, పాట మాటలు చదువుకుని మళ్లీ చూడండి.